థ్రిల్లర్ రచయితల తర్వాతి పుస్తకాలపై పాఠకులు ఎందుకు చీలిపోతారు

పేరుమోసిన థ్రిల్లర్ రచయిత కొత్త నవల వచ్చిన కొద్ది రోజులకే పాఠకులు రెండు వర్గాలుగా విడిపోవడం దాదాపు ప్రతిసారీ చూస్తున్నాం. ఒకరు మునుపటి పట్టు పోయిందని, పాత పుస్తకాల ముందు ఇది నిలవదని బాధపడతారు. మరొకరు అదే పుస్తకాన్ని ఆ రచయిత రాసినవాటన్నిటిలోకీ లోతైనదిగా మెచ్చుకుంటారు. ఇద్దరూ శ్రద్ధగా చదివినవారే, ఇద్దరూ ఆ రచయిత వెంట ఏళ్ల తరబడి నడిచినవారే. లోకో భిన్నరుచిః అని సరిపెట్టుకోవచ్చు గానీ, అప్పుడు అసలు ప్రశ్న అలాగే ఉండిపోతుంది. రుచులు ఇంత భిన్నమైనప్పుడు తొలి పుస్తకాన్ని వీళ్లందరూ ఒక్క గొంతుతో ఎలా మెచ్చుకోగలిగారు?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి థామస్ హారిస్ నవలల కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఆయన ‘ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్’ 1988లో వచ్చింది. ఎఫ్‌బీఐలో ఇంకా శిక్షణ పొందుతున్న క్లారిస్ స్టార్లింగ్ ఒక హంతకుణ్ని పట్టుకోవడానికి, ఖైదులో ఉన్న మరో హంతకుడు, మనోవైద్యుడు అయిన హానిబల్ లెక్టర్ సాయం కోరుతుంది. వాళ్లిద్దరి సంభాషణలే ఆ నవలకు ప్రాణం. దాని కొనసాగింపు కోసం పాఠకులు 11 ఏళ్లు ఎదురుచూశారు. 1999లో వచ్చిన ‘హానిబల్’ చివర్లో స్టార్లింగ్ లెక్టర్‌ను బంధించదు, చంపదు. అతని సహచరిగా మారి అతనితోనే వెళ్లిపోతుంది. ఆ ముగింపు మీద కోపం చల్లారని పాఠకులు నేటికీ ఉన్నారు. 2001లో సినిమా తీసినప్పుడు ముగింపును మార్చేశారు. ‘ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్’ చిత్రంలో స్టార్లింగ్ పాత్రకు ఆస్కార్ అందుకున్న జోడీ ఫాస్టర్ ఈ చిత్రంలో నటించలేదు. అయినా ఆ నవలను హారిస్ చేసిన అత్యంత సాహసోపేతమైన పనిగా ఇప్పటికీ సమర్థించేవారు తక్కువేమీ కాదు.

ఇక్కడ చీలిక ఎక్కడ వచ్చిందో గమనించాలి. ముందరి నవల చదివినవారిలో కొందరిని ఆకట్టుకున్నది స్టార్లింగ్ స్థైర్యం: పురుషాధిక్యం నిండిన సంస్థలో, తన బాల్యపు భయాలను మోసుకుంటూనే, పనిని నిజాయితీగా చేసుకుపోయే ఒక యువతి. మరికొందరిని కట్టిపడేసినది లెక్టర్ మేధ, మర్యాద, క్రౌర్యం కలిసిన వింత ఆకర్షణ. 1988 నాటి నవలలో ఈ రెండూ ఒకే గదిలో, కటకటాలకు అటొకరు ఇటొకరుగా కూర్చుని మాట్లాడుకున్నాయి. అందువల్ల ఎవరి కోసం ఎవరు చదువుతున్నారో పాఠకులకే తెలియాల్సిన అవసరం రాలేదు. 1999లో రచయిత ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకున్నాడు. లెక్టర్ కోసం వచ్చినవారికి తాము కోరినది దొరికింది, స్టార్లింగ్ కోసం వచ్చినవారికి ఆమెను పోగొట్టుకున్నట్టయింది.

జనాదరణ పొందిన తొలి థ్రిల్లర్ అనేక పోగులతో పేనిన తాడు లాంటిదని నా అభిప్రాయం. కథా వేగం, ఒక వృత్తి గురించిన లోపలి సమాచారం, ఒక పాత్ర మీద మమకారం, కథ చెప్పే గొంతు, ఒక నైతిక ప్రశ్న, ముగింపులోని దెబ్బ, ఇవన్నీ అందులో ఒకటిగా అల్లుకుని ఉంటాయి. ఒక్కో పాఠకుడు ఒక్కో పోగును పట్టుకుని వచ్చినా అందరూ ఒకే పుస్తకాన్ని మెచ్చుకుంటారు కాబట్టి, పైకి అది ఏకాభిప్రాయంలా కనిపిస్తుంది. తర్వాతి పుస్తకాల్లో ఏదో ఒక పోగు సన్నబడినప్పుడు లేదా తెగినప్పుడు, మొదటి నుంచీ ఉన్న తేడా బయటపడుతుంది. పాఠకులు కొత్తగా చీలిపోయారని అనుకుంటాం గానీ, వాళ్లు ఎన్నడూ ఒకే కారణంతో కలిసి లేరు.

ఏ పోగు ఎందుకు తెగుతుందన్నది ఒక్కో రచయిత విషయంలో ఒక్కో రకంగా ఉంటుంది. కారణాలను కలగలిపి ‘రచయిత పనైపోయింది’ అని ఒక్క మాటలో తేల్చేయడం వల్లే ఈ చర్చలు ఎక్కడికీ చేరవు.

కథ చెప్పే గొంతు సంగతి తీసుకుందాం. ప్యాట్రీషియా కార్న్‌వెల్ నవలల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. వర్జీనియా రాష్ట్రపు ప్రధాన శవపరీక్షాధికారి కార్యాలయంలో కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో ఆమె 1990లో ‘పోస్ట్‌మార్టమ్’ రాశారు. డాక్టర్ కే స్కార్పెట్టా అనే శవపరీక్ష నిపుణురాలు తన కథను తానే ‘నేను’ అంటూ చెప్పడం ఆ నవలల పద్ధతి. శవాన్ని చూస్తున్న కన్ను, దాన్ని చూసి కలవరపడుతున్న మనసు రెండూ ఒకే గొంతులో వినిపించేవి. 2003లో వచ్చిన ‘బ్లో ఫ్లై’లో ఆమె ఈ పద్ధతిని వదిలేశారు. కథనం ఉత్తమ పురుష నుంచి ప్రథమ పురుషకు, భూతకాలం నుంచి వర్తమానానికి మారింది. హంతకుల మనసుల్లోకి కూడా కథనం చొరబడింది. పైగా 1998 నాటి నవలలో చనిపోయాడని పాఠకులు దుఃఖించిన స్కార్పెట్టా ప్రియుడు బెంటన్ వెస్లీ బతికే ఉన్నాడని తేలింది.

ఈ రెండు మార్పులూ ఒకే పుస్తకంలో రావడంతో ఫిర్యాదులన్నీ కలగాపులగం అయ్యాయి గానీ, అవి వేర్వేరు ఫిర్యాదులు. గొంతు మారడం వల్ల పోయినది స్కార్పెట్టాతో పాఠకుడికి ఉన్న సాన్నిహిత్యం. చనిపోయిన మనిషి తిరిగి రావడం వల్ల పోయినది నమ్మకం. ఒకసారి మరణాన్ని రద్దు చేసిన రచయిత తర్వాత ఎవరిని చంపినా పాఠకుడు మనస్ఫూర్తిగా ఏడవలేడు. మొదటిది సరిదిద్దుకోగల లోపం, 2010లో వచ్చిన ‘పోర్ట్ మార్చురీ’తో కార్న్‌వెల్ మళ్లీ ‘నేను’కి తిరిగి వచ్చారు కూడా. రెండోది అంత తేలిగ్గా మానదు. కొందరు పాఠకులు ఆ పుస్తకంతో తిరిగి వచ్చి, మరికొందరు రాకపోవడానికి కారణం ఇందులోనే ఉందని నేను అనుకుంటాను.

ఆశ్చర్యం అనే పోగు మాత్రం ఏ రచయిత తప్పూ లేకుండానే అరిగిపోతుంది. థ్రిల్లర్ పాఠకుడికి ఇచ్చే మాటలో ఒక వైరుధ్యం ఉంది: ‘మీకు నచ్చినదే మళ్లీ ఇస్తాను, కానీ మీరు ఊహించనిది ఇస్తాను’. మొదటి పుస్తకంలో ఈ రెంటికీ తగవు లేదు. అయిదో పుస్తకానికి పాఠకుడు రచయిత పనితనాన్ని లోపలి నుంచి చదవడం నేర్చుకుంటాడు. మొదట సాయం చేస్తున్నట్టు కనిపించిన పెద్దమనిషిని అనుమానించాలని, అధ్యాయం చివర తలుపు తెరుచుకుంటే లోపల ఉన్నది ప్రమాదం కాకపోవచ్చని అతనికి తెలిసిపోతుంది. డాన్ బ్రౌన్ నవలల మీద వచ్చే విమర్శలో అధిక భాగం ఇదే. 2003 నాటి ‘ద డావిన్సీ కోడ్’ను రాత్రంతా మేలుకుని చదివించిన లక్షణాలే, అంటే చిన్న అధ్యాయాలు, గడియారంతో పోటీ, చిహ్నాల చిక్కుముళ్లు, నాయకుడు ప్రొఫెసర్ లాంగ్డన్ పక్కన ప్రతిసారీ ఒక కొత్త మేధావి మహిళ, 2009 నాటి ‘ద లాస్ట్ సింబల్’లో మూసగా కనిపించాయి. ఆ నవల విడుదలైన తొలి రోజే అమెరికా, బ్రిటన్, కెనడాల్లో కలిపి 10 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. అంటే మూస అని తెలిసినవారు కూడా దాన్ని కోరుకునే కొన్నారు.

అదే రచయిత 2013లో ‘ఇన్‌ఫెర్నో’ ముగింపులో మూసను దాటాడన్నది చాలామంది గుర్తించని విషయం. అందులో నాయకుడు చేరుకునే సరికే ప్రమాదం జరిగిపోయి ఉంటుంది. సంతాన శక్తిని పోగొట్టే వైరస్ అప్పటికే ప్రపంచమంతటా వ్యాపించి ఉంటుంది, దాన్ని వెనక్కి తిప్పే దారి లేదు. 2016లో వచ్చిన సినిమా ఈ ముగింపును వదిలేసి, చివరి క్షణంలో ముప్పు తప్పినట్టు చూపించింది. కొత్తదనం లేదని విమర్శించే పాఠకులు నిజంగా కొత్తదనం ఎదురైనప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవడం న్యాయం.

పొడవు పెరగడం గురించి చేసే ఫిర్యాదుకు ఇంకో మూలం ఉంది. టామ్ క్లాన్సీ బీమా వ్యాపారంలో ఉన్నప్పుడు రాసిన ‘ద హంట్ ఫర్ రెడ్ అక్టోబర్’ను 1984లో అమెరికా నౌకాదళానికి సంబంధించిన నేవల్ ఇన్‌స్టిట్యూట్ ప్రెస్ ప్రచురించింది. అది ఆ సంస్థ వేసిన తొలి కొత్త నవల. పేరు లేని రచయిత, కాల్పనిక సాహిత్యం అలవాటు లేని ప్రచురణ సంస్థ, దాదాపు 400 పేజీలు. 2000లో వచ్చిన ‘ద బేర్ అండ్ ద డ్రాగన్’ 1000 పేజీలు దాటింది. ఈ మధ్యలో ఆయన నాయకుడు జాక్ ర్యాన్ గూఢచార సంస్థలో సమాచార విశ్లేషకుడి స్థాయి నుంచి అమెరికా అధ్యక్షుడి దాకా ఎదిగాడు. విమానం ఎక్కడానికి భయపడే ఒక చదువరి, తనకు అలవాటు లేని జలాంతర్గామిలో నిలబడి నిర్ణయం తీసుకోవాల్సి రావడం తొలి నవలలోని ఉత్కంఠకు ఆధారం. దేశాధ్యక్షుడికి అలాంటి నిస్సహాయత ఉండదు. అతను ఆదేశాలిస్తాడు, ఇతరులు అమలుచేస్తారు. పణం పెరిగే కొద్దీ ఉత్కంఠ పెరగాలని మామూలుగా అనుకుంటాం గానీ, నాయకుడి శక్తి కూడా దానితో పాటు పెరిగితే అది తగ్గుతుంది.

ఇలాంటి చోట ఎడిటర్ ఏంచేస్తున్నాడని పాఠకులు అడగడం సబబే. తొలి నవలతో వచ్చిన రచయితకు ఎడిటర్ సూచన దాదాపు షరతు, దాన్ని పాటిస్తేనే పుస్తకం వెలుగు చూస్తుంది. ప్రతి పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయే రచయితకు అది సలహా మాత్రమే. విడుదల తేదీ ముందే ఖరారై, తొలి ముద్రణ సంఖ్య నిశ్చయమై, ముఖచిత్రం మీద కథ పేరు కన్నా రచయిత పేరు పెద్దగా అచ్చయ్యే దశలో 200 పేజీలు తీసేయమని చెప్పడానికి ఎవరికీ వ్యాపార కారణం ఉండదు. ప్రతి పెద్ద పుస్తకమూ ఎడిటర్ వైఫల్యమే అనడం లేదు. క్లాన్సీ అభిమానుల్లో ఆయుధాల, యంత్రాల వివరాల కోసమే చదివేవారు ఉన్నారు. వాళ్ల దృష్టిలో 1000 పేజీలు లోపం కాదు. వేగం కోసం వచ్చినవారే ఇక్కడ నష్టపోయారు.

సహరచయితల ప్రశ్న కూడా ఉన్నా అందులో చిక్కు తక్కువ. జేమ్స్ ప్యాటర్సన్ కథా ప్రణాళిక వివరంగా తయారుచేసి, సహరచయితలతో కలిసి పుస్తకాలు రాయడం బహిరంగంగానే నడిచే పద్ధతి. 2013లో మరణించిన క్లాన్సీ పేరు మీద ర్యాన్ నవలలు ఇతరుల చేతుల్లో ఇంకా వస్తున్నాయి. లీ చైల్డ్ 1997లో మొదలుపెట్టిన జాక్ రీచర్ నవలలను 2020లో తమ్ముడు ఆండ్రూకు అప్పగించడం మొదలుపెట్టినప్పుడు ఆ విషయాన్ని దాచలేదు. ఇలాంటి పుస్తకాల మీద చీలిక వచ్చినప్పుడు, పాత్ర కోసం చదివేవారు సర్దుకుంటారు, వాక్యం కోసం చదివేవారు సర్దుకోలేరు.

వయసు సంగతి అంత తేలిక కాదు, దాన్ని మాట్లాడేటప్పుడు మర్యాద కూడా అవసరం. అగాథా క్రిస్టీ చివరి దశ నవలలు తొలి దశవాటితో పోలిస్తే వదులుగా ఉన్నాయని చాలాకాలంగా పాఠకులు చెబుతూ వచ్చారు. 2009లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ లాంకషైర్, గ్రేమ్ హర్స్ట్ ఆమె నవలల భాషను కంప్యూటర్ సాయంతో విశ్లేషించారు. చివరి నవలల్లో పదసంపద తగ్గిందని, ఒకే మాటలు పదేపదే వస్తున్నాయని, ‘ఏదో’, ‘ఏదైనా’ వంటి అస్పష్టమైన పదాలు పెరిగాయని వాళ్లు చూపించారు. జ్ఞాపకశక్తిని దెబ్బతీసే వ్యాధి దీనికి కారణం కావచ్చని వాళ్లు భావించారు. ఇది రాతల ఆధారంగా చేసిన అనుమానమే తప్ప వైద్యుల నిర్ధారణ కాదు. అయినా, 1972 నాటి ‘ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్’ నవలలో పాత్రలన్నీ గతాన్ని గుర్తుతెచ్చుకోవడానికి తంటాలు పడుతుంటాయని గమనించిన పాఠకుడు, ఈ పరిశోధన గురించి తెలిశాక, ఆ పుస్తకాన్ని పాత విసుగుతో చదవలేడు.

క్రిస్టీ విషయంలో మరో సంగతి మన అంచనాలన్నిటినీ సవాలు చేస్తుంది. ఆమె చివరిగా రాసిన నవల 1973లో వచ్చిన ‘పోస్టర్న్ ఆఫ్ ఫేట్’. కానీ 1975లో, ఆమె మరణానికి కొద్ది నెలల ముందు, డిటెక్టివ్ పోయిరో చివరి కేసుగా ‘కర్టెన్’ వచ్చింది. దాని కట్టుదిట్టమైన కథనాన్ని చూసి ఆమె మళ్లీ పూర్వవైభవానికి వచ్చిందని అనుకోవడం సహజం. వాస్తవానికి దాన్ని ఆమె రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాసి భద్రపరిచారు. ప్రచురణ తేదీల వరుసను రచయిత జీవిత వరుసగా చదివితే ఎంత పొరపడతామో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక పాఠకుల అభిప్రాయాలను మనం ఎలా లెక్కగడుతున్నామన్న విషయానికి రావాలి, ఎందుకంటే చీలిక పరిమాణం సగం అక్కడే తయారవుతుంది. రేటింగ్ ఇచ్చేవారు చదివినవారందరికీ ప్రతినిధులు కారు. చాలా నచ్చినవారు, చాలా కోపం వచ్చినవారు రాస్తారు, ఫరవాలేదనుకున్నవారు పుస్తకం మూసి పక్కన పెడతారు. అందుకే సగటు చూసి పుస్తకం మధ్యరకమనుకున్న చోట, నిజంగా మధ్యరకమని చెప్పినవారు తక్కువ ఉండవచ్చు. పైగా మొదట రాసేవారు మొదట కొన్నవారే, అంటే వీరాభిమానులు. షిన్‌షిన్ లీ, లోరిన్ హిట్ 2008లో ప్రచురించిన పరిశోధన, అమెజాన్‌లో పుస్తకాలకు తొలినాళ్లలో వచ్చే రేటింగులు ఎక్కువగా ఉండి కాలక్రమంలో తగ్గే ధోరణిని ఈ కోణం నుంచే వివరించింది.

ఇంకో విచిత్రమైన విషయం ఉంది. ఒకే పాత్రతో సాగే సీరీస్‌లో తొలి పుస్తకం నచ్చనివారు రెండోదాన్ని కొనరు, రెండోది నచ్చనివారు మూడోదాన్ని ముట్టుకోరు. ఎనిమిదో పుస్తకం దగ్గర మిగిలేది అభిమానులే కాబట్టి, రచన బలహీనపడినా రేటింగ్ పెరగవచ్చు. విడివిడి నవలలు రాసే ప్రసిద్ధ రచయితకు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. పేరు విని, ప్రచారం చూసి, ఆ తరహా పుస్తకం తమకు సరిపడుతుందో లేదో తెలియని వేలమంది కొంటారు. బలాజ్ కొవాచ్, అమాండా షార్కీ 2014లో చేసిన అధ్యయనంలో, బహుమతి గెలుచుకున్న పుస్తకాలకు ఆ తర్వాత పాఠకుల రేటింగులు, తుది జాబితాలో నిలిచి బహుమతి రాని పుస్తకాలతో పోలిస్తే, పడిపోయాయని తేలింది. బహుమతి వల్ల పుస్తకంలో ఒక్క అక్షరం మారదు, మారేది దాన్ని తెరిచే చేతులు. ఒక పెద్ద విజయం తర్వాత వచ్చే నవలకు రచయిత పేరే ఆ బహుమతి చేసే పని చేస్తుంది.

పాఠకుడి జ్ఞాపకం కూడా ఈ లెక్కలో ఉంది. ఆర్థర్ కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేసి, 1903లో మళ్లీ బతికించాడు. తన ఆత్మకథలో ఆయన ఒక పడవవాడి మాటను గుర్తుచేసుకున్నాడు: ఆ కొండ మీంచి పడి హోమ్స్ చావలేదేమో గానీ, ఆ తర్వాత మునుపటి మనిషి కాలేకపోయాడని అతను అన్నాడట. ఆ మాటలో విమర్శ ఉంది, పదేళ్ల ఎదురుచూపు ఉంది, ఆ పదేళ్లలో పెద్దవాడైన పాఠకుడూ ఉన్నాడు. పదిహేడేళ్లప్పుడు చదివిన పుస్తకంతో నలభై ఏళ్లప్పుడు చదివిన పుస్తకాన్ని పోల్చేటప్పుడు, రెండో పుస్తకం ఓడిపోవడానికి రచయిత ఒక్కడే బాధ్యుడు కాడు.

ఇవన్నీ చెప్పినా, రచయిత తెలిసి తెలిసి మారిన సందర్భాలను నేను వేరుగా చూస్తాను. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక గూఢచారి నవలల రచయిత జాన్ లె కారే చేతిలోని ప్రధాన వస్తువే చరిత్రలోకి వెళ్లిపోయింది. ఆయన పాత గోడల చుట్టూ తిరగకుండా కొత్త అధికారాల వైపు చూశాడు. 2001 నాటి ‘ద కాన్‌స్టెంట్ గార్డెనర్’లో కెన్యాలో మందుల కంపెనీల ప్రయోగాలను, 2003 నాటి ‘అబ్సల్యూట్ ఫ్రెండ్స్’లో ఇరాక్ యుద్ధ కాలపు అబద్ధాలను రాశాడు. అప్పటికే పత్రికల్లో ఆ యుద్ధాన్ని బాహాటంగా ఖండించి ఉన్నాడు. ఈ నవలల్లో కోపం ఎక్కువైందని, పూర్వపు సందిగ్ధత పోయి మంచి చెడ్డలు తేటతెల్లమయ్యాయని కొందరు విమర్శించారు. అందులో సత్యం ఉంది. మైకేల్ క్రైటన్ 2004లో వాతావరణ మార్పుపై శాస్త్రజ్ఞుల ఏకాభిప్రాయాన్ని ప్రశ్నిస్తూ, అధస్సూచికలతో సహా ‘స్టేట్ ఆఫ్ ఫియర్’ రాసినప్పుడు కూడా పాఠకుల చీలికలో సగం నవల మీద కాక అందులోని వాదం మీదే నడిచింది. అయితే ఈ రెండూ ఒకటి కావు. లె కారే పుస్తకాల్లో కోపం పాత్రల పతనంలోంచి పుడుతుంది, క్రైటన్ పుస్తకంలో పాత్రలు వాదాన్ని చేరవేయడానికే నిలబడి మాట్లాడతాయి. అభిప్రాయం ఉండటం వల్ల థ్రిల్లర్ చెడదు. ఆ అభిప్రాయానికి కథలో ఎవరూ మూల్యం చెల్లించనప్పుడు చెడుతుంది.

లె కారే 2017లో, 85 ఏళ్లు దాటాక, ‘ఎ లెగసీ ఆఫ్ స్పైస్’ రాశాడు. తనకు పేరు తెచ్చిన 1963 నాటి ‘ద స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ద కోల్డ్’లో బెర్లిన్ గోడ దగ్గర ఇద్దరు చనిపోతారు. ఈ కొత్త నవలలో, ఆ చావులకు జవాబు చెప్పమని వాళ్ల పిల్లలు కేసు వేయబోతున్నారంటూ అప్పటి గూఢచారి పీటర్ గిల్లమ్‌ను లండన్‌కు పిలిపిస్తారు. ఏం జరిగిందో పాఠకుడికి 54 ఏళ్లుగా తెలుసు కాబట్టి ఉత్కంఠ ఎక్కడుందని అడిగినవారు ఉన్నారు. ఆ ప్రశ్న తప్పు కాదు, వాళ్లు ఆ పాత నవలను ముగింపులోని దెబ్బ కోసం ప్రేమించినవారు. ఆ దెబ్బ ఎవరి మీద పడిందో, దాన్ని కొట్టినవారు తర్వాత ఎలా బతికారో తెలుసుకోవాలని అప్పటినుంచీ ఎదురుచూసినవారికి మాత్రం, వృద్ధుడైన గిల్లమ్ పాత ఫైళ్లను చదవడం 1963 నాటి నవలలోని ఏ వెంటాడే సన్నివేశం కన్నా ఎక్కువ ఊపిరి బిగబట్టించింది.